మా ఇంట్లో మగవాళ్ల జబ్బు

మా పుట్టింట్లో బీపీ మగవాళ్ల జబ్బు. ఇంటిపేరు, దుకాణం, తద్దినాలు పెట్టే బాధ్యత ఎలా మగపిల్లలకి వస్తాయో ఇదీ అలాగే వస్తుందని అందరం నమ్మేవాళ్లం. మా తాత నలభై మూడేళ్లకి పోయాడు. మా నాన్న నలభై నాలుగో ఏట, నరసన్నపేట బజారులో మా కిరాణా దుకాణంలో కందిపప్పు తూస్తూ పక్కకి ఒరిగిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. నేనప్పుడు తొమ్మిదో తరగతి, తమ్ముడు కామేశు ఏడు.

నాన్నకి బీపీ ఉందని ముందే తెలుసు. మందులు వేళకి అమ్మే ఇచ్చేది. ఏ మందుకీ అది దిగేది కాదు. పదకొండో రోజున చుట్టాలందరూ ఉండగా మా నాయనమ్మ అమ్మతో, "ఆవకాయ ముద్దలు పెట్టి పెట్టి నా కొడుకుని సంపీసినావు" అంది. ఆ ఏడాది నుంచి అమ్మ ఆవకాయ జాడీ పెట్టలేదు. ఇరవై నాలుగేళ్లయింది.

కామేశుకి మీసాలు రాగానే అమ్మ బీపీ మిషన్ కొంది. ఆదివారం ఉదయం వాడు అరుగు మీద కూర్చుని చెయ్యి చాపడం, అమ్మ పట్టీ చుట్టడం, ఇదొక పూజలా సాగేది. పక్కనే కూర్చుని ఇడ్లీ తింటున్న నా చెయ్యి ఎవరికీ గుర్తొచ్చేది కాదు. నేను ఇంకో ఇంటికి వెళ్లేదాన్ని కదా. మా అమ్మాయి తనూజ కడుపులో ఉన్నప్పుడు బీపీ పెరిగితే, కానుపు కాగానే తగ్గిపోతుందన్నారు. తగ్గిందో లేదో మళ్లీ ఎవరూ చూడలేదు, నాతో సహా.

ఇప్పుడు గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. ఇందులో ఏడుపులు తక్కువగా ఉంటాయి. దాచిపెట్టి కాదు, నాకు రాలేదు. ఆ ఏడాదంతా నేను ఎవరి గురించో వింటున్నట్టుగా ఉన్నాను.

ఏప్రిల్‌లో మొదలైంది. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. స్టాఫ్ రూములో పేపర్లు దిద్ది లేవబోతే తొడలు మాట వినలేదు. కాళ్లున్నాయి, నావి కావన్నట్టున్నాయి. అప్పటికి నెల రోజులుగా తలనొప్పి, పిక్కలు పట్టెయ్యడం ఉన్నాయి, ఎండలనుకున్నాను. ఆయమ్మ నన్ను భుజం పట్టి ఆటో ఎక్కించింది. ఆస్పత్రిలో నర్సు బీపీ చూసి, మళ్లీ చూసి, మిషన్ మార్చి ఇంకోసారి చూసింది. రెండు వందల పది. కింది అంకె నేను అడగలేదు.

తర్వాత మూడు నెలలు మాత్రలు పెరుగుతూ వచ్చాయి. ఒకటి, రెండు, నాలుగు. బీపీ మాత్రం కుదురుగా కూర్చుంది. డాక్టరు ఒకరోజు కళ్లజోడు తీసి, "అసలు మీరు మందులు వేసుకుంటున్నారా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి మా ఆయన నేను మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడేవాడు. స్టేషనరీ దుకాణం తెరిచే మనిషి, తొమ్మిదయినా కదిలేవాడు కాదు. ఒకనాడు నోరు తెరిచి నాలుక చాపి చూపించాను, చాలా అని. నాకు ముక్కుమీదే కోపం. చుట్టాలందరికీ అదే దొరికింది. కోపం తగ్గించుకో, బీపీ అదే తగ్గుతుంది అని రోజుకి నలుగురు చెబితే కోపం ఎలా తగ్గుతుందో వాళ్లే చెప్పాలి.

జూలైలో వైజాగ్ వెళ్లాం. అక్కడి వెయిటింగ్ హాల్లో మూడు గంటలు కూర్చున్నాను. పక్కన పొందూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ భర్తకి కిడ్నీ పరీక్షలు చేయించడానికి వచ్చింది. డబ్బాలోంచి జంతికలు తీసి, నా మొహం చూసి, "ఉప్పు తక్కువే ఏసినాను, తినమ్మా. ఈయనకీ ఒద్దన్నారు మరి" అంది. ఒకటి తిన్నాను. ఆ మూడు నెలల్లో నన్నేమీ అడగకుండా, ఏమీ బోధించకుండా ఏదైనా చేతిలో పెట్టిన మనిషి ఆవిడే.

డాక్టరు యాభై దాటిన ఆవిడ. నా బీపీ గురించి తక్కువ అడిగింది, మా ఇంట్లో పోయినవాళ్ల గురించి ఎక్కువ అడిగింది. చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో పెట్టెలు, గుండ్రాలు గీసింది. మగవాళ్లకి పెట్టె, ఆడవాళ్లకి గుండ్రం. పదో తరగతి పిల్లలకి నేను బోర్డు మీద ఏటేటా గీసే బొమ్మే. తాత పెట్టె, నాన్న పెట్టె నల్లగా నింపింది.

"మీ నాన్నగారికి అక్కచెల్లెళ్లున్నారా?" అంది.

ఒక మేనత్త ఉండేది, మంగత్త. రెండో కానుపులో ఫిట్స్ వచ్చి పోయింది. మా ఇంట్లో దాన్ని గాలి సోకడం అనేవారు. అది చెప్పాను. డాక్టరు మంగత్త గుండ్రాన్ని కూడా నల్లగా నింపింది.

"ఇది ఇంటిపేరు చూసి వచ్చే జబ్బు కాదమ్మా. మీకు ఎప్పటినుంచి ఉందో" అంది.

బఠాణీ మొక్కల కథ పద్నాలుగేళ్లుగా చెబుతున్నాను. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సగం అవకాశం, ఆడా మగా తేడా లేదని మార్కుల కోసం పిల్లల చేత వల్లె వేయించాను. మా ఇంటి దగ్గర మాత్రం ఆ పాఠం నాకు తోచలేదు. ఎవరినని తిట్టను?

రక్తంలో పొటాషియం బాగా తక్కువుంది, అందుకే కాళ్లు అలా అయ్యాయంది. ఉప్పు సంగతి చూసే హార్మోన్లు రెండూ ఉండాల్సినదానికంటే అడుగున ఉన్నాయి. ఇన్ని మందులకి లొంగని బీపీ, చిన్న వయసు చావులు, ఇవన్నీ కలిపితే ఒక జన్యువు మీద అనుమానం వస్తోందనీ, అదేమిటో తెలిస్తే మందు గుడ్డిగా మార్చక్కర్లేదనీ చెప్పింది. ఒక గొట్టం రక్తం తీసి బయటి ఊరి ల్యాబుకి పంపారు. ఆరు వారాలన్నారు.

ఆ ఆరు వారాలు ఏం చేశానో పెద్దగా గుర్తులేదు. స్కూలుకి వెళ్లాను. వంట చేశాను. తనూజకి పదమూడేళ్లు, లెక్కలు చెప్పాను. నాకేమైనా అయితే అన్న ఆలోచన వచ్చినా అది లోపలికి దిగేది కాదు, గుమ్మం దగ్గరే నిలబడి వెళ్లిపోయేది.

సెప్టెంబర్‌లో రిపోర్టు వచ్చింది. అనుమానం నిజమే. డాక్టరు నాకు అర్థమయ్యేలా చెప్పింది. కిడ్నీలో ఉప్పుని లోపలికి లాక్కునే తలుపులు కొన్నుంటాయి, నాకు అవి మూసుకోవు. ఎంత ఉప్పు తింటే అంతా లోపలే నిలిచిపోతుంది, పొటాషియం బయటికి పోతుంది. మామూలు బీపీ మందులు ఆ తలుపు జోలికి వెళ్లవు. దాన్నే మూసే మాత్ర వేరే ఉంది. పాత మాత్రల్లో మూడు ఆపేసి, అదొకటి రాసింది. ఉప్పు బాగా తగ్గించమంది. తోడబుట్టినవాడికీ, అమ్మాయికీ పరీక్ష చేయించమంది.

"ఈ మాత్ర మీకు. తెలిసిందా? ఇంకెవరికీ కాదు, వాళ్ల పరీక్ష అయ్యేదాకా" అని రెండుసార్లు చెప్పింది. నేను తలూపాను.

పది రోజుల్లో బీపీ నూట ముప్పైకి వచ్చింది. మా ఆయన మిషన్ మీది అంకె చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాలుగు నెలలు నన్ను అనుమానించినందుకు అనుకుంటాను. నేను ఆ పట్టీ విప్పి చుట్టి డబ్బాలో పెట్టి, పెసరపప్పు నానబోశానా లేదా అని చూడ్డానికి వంటింట్లోకి వెళ్లాను. సంతోషం రావాలని తెలుసు. రాలేదు.

ఆ ఆదివారమే నరసన్నపేట వెళ్లి చెప్పాను. కామేశు నవ్వేశాడు.

"నాకు రావలసింది నీకొచ్చిందేటక్కా? నాకున్న జబ్బుకి మల్లీ పరీక్షేటి? నాను నాన్న కొడుకుని. నూట అరవై ఉంటాది నాకు, పన్నెండేల్ల నుంచి మాత్ర ఏసుకుంటన్నాను. ఇంకేటి తేలాల?"

"ఉందో లేదో తేలాలి. ఉంటే మందు మారుతుంది" అన్నాను.

"డీఎన్‌ఏ పరీక్షంటే బజార్లో ఏటనుకుంటారో తెల్సా? ఎవుడికి పుట్టినాడో సూపించుకోడానికి ఎల్లినాడంటారు. అమ్మ పరువు తియ్యకు."

అమ్మ ఈ గొడవలో లేదు. నేను చెప్పినదాంట్లో ఆవిడ చెవిన పడింది ఒక్కటే. గుమ్మానికి ఆనుకుని చాలాసేపు కూర్చుని, "అయితే ఉప్పేనన్నమాట" అంది. నేను వెంటనే ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. జన్యువని, తలుపులని, నువ్వు కారణం కాదని. కామేశుతో వాదించే వేడిలో అమ్మ మాట అలాగే వదిలేశాను.

ఇక్కడ మా ఇంటి అలవాటొకటి చెప్పాలి. మా ఇంట్లో మాత్ర ఎవరి సొంతమూ కాదు. ఒకరికి జ్వరం తగ్గిన మాత్ర ఇంకొకరి జ్వరానికి దాచేవాళ్లం. అమ్మ మోకాళ్ల మాత్రలు మా పిన్ని వేసుకునేది, పిన్ని గ్యాస్ మాత్రలు దుకాణంలో గుమస్తా వేసుకునేవాడు. అదొక ప్రేమ. నాకు పనిచేసింది, నీకూ పనిచేస్తుంది, ఇదిగో సగం స్ట్రిప్పు. ఊళ్లో సగం ఇళ్లు ఇలాగే నడుస్తాయి. నేనూ ఇలాగే పెరిగాను.

నవంబర్‌లో ఒక ఆదివారం నరసన్నపేట వెళ్లొచ్చాక నా బ్యాగులో ఒక స్ట్రిప్పు తగ్గింది. బస్సులో పడిపోయిందనుకుని ఇంకోటి కొనుక్కున్నాను.

డిసెంబర్ రెండో వారంలో, స్కూల్లో ప్రార్థన అవుతుండగా మరదలు మాధవి ఫోన్ చేసింది. కామేశు దుకాణంలో కూలిపోయాడని, శ్రీకాకుళం తీసుకొస్తున్నామని. వాడికి ముప్పై ఆరేళ్లు. నాకు వెంటనే తోచిన మాట, ఇంకా ఎనిమిదేళ్లుండాలి కదా అని. ఇలాంటి లెక్క మా ఇంట్లో అందరి బుర్రల్లోనూ ఉండేదని అప్పుడే నాకు తెలిసింది.

ఐసీయూ బయట నీలం కుర్చీలు. గుండె నిమిషానికి ముప్పైసార్లే కొట్టుకుంటోందట. ఐదు దాటకూడని పొటాషియం ఏడు దాటింది. డాక్టరు కుర్రాడు, బయటికి వచ్చి, "ఏం మందులు వాడుతున్నారో అన్నీ చెప్పండి, దాచకండి" అన్నాడు. మాధవి బీపీ మాత్ర పేరు చెప్పింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అదొక్కటే అయితే ఇంత పెరగదన్నాడు.

అప్పుడు అమ్మ కొంగుముడి విప్పింది. అందులో నా మాత్రల స్ట్రిప్పు.

"ఇదీ ఏస్తన్నాను బాబూ. టీతో పాటు. ఆడికి సెప్పలేదు, బలం మాత్రన్నాను" అంది. ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే పక్క మందుల దుకాణంలో చీటీ అడగకుండా ఇచ్చారు, బజారులో అందరం ఒకరికొకరం తెలిసినవాళ్లం కదా. అంతేకాదు, మా దుకాణంలోనే అమ్మే బీపీ ఉప్పు, ప్యాకెట్ మీద గుండె బొమ్మ ఉంటుంది, అదే వేసి నెల రోజులుగా వండుతోంది. అందులో సగం పొటాషియమే. వాడి పాత మాత్రా పొటాషియాన్ని బయటికి పోనివ్వదు, నాదీ పోనివ్వదు, పైన ఆ ఉప్పు.

డాక్టరు స్ట్రిప్పు లాక్కుని లోపలికి పరిగెత్తాడు. అమ్మ నావైపు చూసింది.

"ఒక్క కడుపున పుట్టినోల్లు కదే, ఒక్క జబ్బే కదా. ఒకన్ని ఉప్పు పెట్టి సంపీసినాను. రెండోవోన్నైనా ఆపుకుందామనుకున్నాను."

నాకు కోపం రాలేదు. జీవితంలో మొదటిసారి, రావలసిన చోట రాలేదు. నా ముక్కు మీద ఇంకేమీ లేనట్టుంది. అమ్మ పక్కన కూర్చుని కుర్చీ చేతికి అంటుకున్న పాత స్టిక్కరు గోటితో గీకుతూ ఉన్నాను. మాధవి మాత్రం ఆవిడతో మాట్లాడటం మానేసింది. మూడు రోజులు ముగ్గురం ఒకే వరసలో, మధ్యలో ఒక్కో కుర్చీ వదిలి కూర్చున్నాం. ఊడ్చే ఆవిడ సింహాచలమ్మ రోజూ వచ్చి, "కాల్లు తియ్యండమ్మా" అని, వెళ్తూ వెళ్తూ అమ్మ భుజం తట్టేది. ఏమైందని ఒక్కసారీ అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం కామేశు కళ్లు తెరిచి, దుకాణం ఎవరు తీశారని అడిగాడు. మాధవి అప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుంది.

జనవరిలో వాడే అన్నాడు, పరీక్షకి పద అని. తనూజనీ తీసుకెళ్లాం. అమ్మ కూడా వస్తానంది. ఫిబ్రవరి చివర్లో రిపోర్టులు తీసుకోవడానికి నలుగురం మళ్లీ వైజాగ్ వెళ్లాం. డాక్టరు ముందు వాడి కాయితం తీసింది.

కామేశుకి ఆ జన్యువు లేదు.

వాడిది మామూలు బీపీ. నడక, బరువు తగ్గడం, వాడి పాత మాత్ర, అంతే. డాక్టరు నవ్వుతూ చెప్పింది. వాడు నవ్వలేదు. మెల్లగా, "అంటే నాను నాన్నకి..." అని ఆగిపోయాడు.

"ఒరే, ఆ ముక్కు ఎవుల్దిరా? ఆ నిద్దర ఎవుల్ది, ఆ గురకెవుల్ది?" అంది అమ్మ, డాక్టరు ఉందని కూడా చూడకుండా. నేను వాడికి పెట్టెలు, గుండ్రాల కథ చెప్పాను. ఇద్దరికీ సగం సగం అవకాశం, నాకు తగిలింది, నీకు తగల్లేదు, నువ్వు నాన్న కొడుకువే అని. విన్నాడు.

బయట మెట్ల మీద నాకొక్కదానికే చెప్పాడు. "నలబై నాలుగుకి పోతాననుకునే ఉన్నానక్కా. మేడ మీద గది ఎయ్యలేదు. రెండో పిల్ల వద్దన్నాను. అన్నీ ఆ లెక్కే. ఇప్పుడేటి సెయ్యాల?"

వాడి మొహంలో సంతోషం వెతికాను, కనిపించలేదు. ఇరవై నాలుగేళ్లు ఊరంతా ఎదురుచూసిన జబ్బు వాడికి రాలేదు, ఎవరూ ఎదురుచూడని నాకు వచ్చింది. ఇద్దరం అరటిపళ్ల బండి దగ్గర నిలబడి బస్సు కోసం చూశాం.

తనూజకి ఉంది. లోపల డాక్టరు రెండో కాయితం తీసినప్పుడే నాకు తెలిసిపోయింది. పిల్ల బీపీ అప్పటికే నూట నలభై. పదమూడేళ్లకి. ఇంత చిన్నప్పుడు పట్టుకోవడం అదృష్టమని, మాత్ర వేసుకుంటూ ఉప్పు తగ్గిస్తే అందరిలాగే బతుకుతుందని డాక్టరు చెప్పింది. నమ్మాను. నమ్మడం వేరు, లోపల చల్లబడటం వేరు. పిల్ల మాత్రం, "అయితే నాకు అప్పడాలు ఉండవా?" అని ఒక్కటే అడిగింది.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. మీ ఇంట్లో చిన్న వయసులోనే పోయినవాళ్లుంటే డాక్టరుతో చెప్పండి, అడక్కపోయినా చెప్పండి. అత్తల పేర్లు, పిన్నుల పేర్లు కూడా చెప్పండి. ఎంత ప్రేమ ఉన్నా ఒకరి మాత్ర ఇంకొకరికి పెట్టకండి.

మొన్న మార్చిలో అమ్మ మా ఇంటికొచ్చి పది రోజులుంది. ఉదయం టిఫిన్ అయ్యాక తనూజ మాత్ర వేసుకుంటుంటే అమ్మ ఎదురుగా కూర్చుని చూస్తోంది. పిల్ల ఒక్క గుక్కలో మింగి, బ్యాగు తగిలించుకుని స్కూలుకి వెళ్లిపోయింది. ఖాళీ అయిన స్ట్రిప్పు బల్ల మీద ఉంది. అమ్మ దాన్ని తీసి, వెలుగుకి పెట్టి అటూ ఇటూ తిప్పింది. అమ్మకి చదువు రాదు.

"ఒసే సరోజా. ఇంతేనా? ఇంత సిన్నదా?"

"ఇంతే."

"మీ నాన్న ఉన్నప్పుడు ఉన్నాదేటి ఇది?"

ఈ ప్రశ్నే నేను వైజాగ్ డాక్టరుని మొదటి రిపోర్టు రోజున అడిగాను. ఇది చాలా పాత మందమ్మా, మీరు పుట్టకముందు నుంచీ ఉంది అంది. నాన్న కూలిపోయిన రోజున కూడా మా దుకాణం పక్క మందుల షాపులో, ఏదో ఒక అరలో ఇది ఉండే ఉంటుంది. నాన్న కూర్చున్న చోటు నుంచి నలభై అడుగులు. అడగాలని ఎవరికీ తెలియలేదు, అంతే.

అమ్మ స్ట్రిప్పు ఇంకా పట్టుకునే ఉంది.

"లేదమ్మా. మొన్న మొన్ననే వచ్చింది ఇది" అన్నాను. "అప్పట్లో ఎవరికి చూపించినా, నువ్వేం పెట్టినా, ఏం మానేసినా నాన్న బతికేవాడు కాదు."

"లేదన్నమాట" అంది అమ్మ.

"లేదు."

ఆవిడ స్ట్రిప్పు బల్ల మీద పెట్టి, కాసేపు తన చేతులు చూసుకుంది. తర్వాత లేచి, "అయితే సరే. ఈ ఏడు మామిడికాయలొస్తే ఒక చిన్న జాడీ పెడతాను, కామేశుకీ మాధవికీ. మీ ఇద్దరికీ కాదులే" అంటూ వంటింట్లోకి వెళ్లింది. నేను బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, బకెట్ నిండి పొర్లిపోయేదాకా ఏడ్చాను.